మైనస్ ఆరు

కళ్ళద్దాలు తెరియో టోపీలో పెట్టి
నీళ్ళలోకి దిగాను.
కనిపించింది నీలం.
దాని కింద ఇంకాస్త నీలం.
"తాబేలు! తాబేలు!"
సెబూ నుంచి వచ్చిన ముగ్గురు నర్సులు
గొట్టాలు ఊడబెరికి మరీ అరుస్తున్నారు.
ఏదో ఆకుపచ్చ మరక కదిలింది.
అదే అయ్యుంటుంది.
కాకపోతే ఒక నర్సు కాలి తొడుగు.

మొదటి దీవి అయింది. రెండోదీ అయింది.
ఏ దీవిలో ఎన్ని నిమిషాలో
తెరియో దగ్గర ప్లాస్టిక్ కవర్లో కాగితం ఉంది.
వెదురు రెక్కల పడవ
ఒక్కో ఒడ్డునీ ముక్కుతో వాసన చూసి
కుదరదన్నట్టు వెనక్కి తిరుగుతోంది.

మూడోది, భోజనాల దీవి.
దానికి అసలు పేరు ఉంది.
తెరియో చెప్పాడు కూడా,
ఇంజను మోతలో సగం పోయింది.

అక్కడ లుదివీనా
కొబ్బరి చిప్పల నిప్పు మీద చేపలు కాలుస్తోంది.
నా సోడాబుడ్డి అద్దాలు చూసి
ముందు నవ్వింది.
తర్వాత నవ్వడం మానేసి
పాకలోకి వెళ్ళి
బియ్యం డబ్బా అడుగునుంచి
ఒక పాత మాస్కు తీసుకొచ్చింది.
లోపల, అద్దం మీద,
ఎవరివో కళ్ళజోడు బిళ్ళలు రెండు
జిగురుతో అతికించి ఉన్నాయి.
జిగురు పసుపు పచ్చగా ముదిరింది.
అంచుకి ఇంకా రెండు బియ్యపు గింజలు.

"సెవెరోది" అంది.
"మొగుడు" అన్నాడు తెరియో, పొగలోంచి.
ఉన్నాడా, పోయాడా,
నేను అడగలేదు.

కుడి కంటికి మళ్ళీ గంజే.
ఎడమ కంటికి మాత్రం
సెవెరో చూపు అచ్చంగా సరిపోయింది.
గుడ్డికన్నా మెల్ల మేలని
కుడి కన్ను మూసేశాను.

ముందు నా పాదాలు.
నీళ్ళలో వాటిని ఇంత స్పష్టంగా
ఎప్పుడూ చూసుకోలేదు, వేళ్ళ మధ్య ఇసుకతో సహా.
తర్వాత ఒక చిలక ముక్కు చేప
రాయిని కొరుకుతున్న కరకర,
అది చెవులకే ముందు తెలిసింది.
నీలం పెదాల గవ్వ ఒకటి
నా నీడ పడగానే
తలుపు వేసుకుంది.

ఆ అవతల ఏమీ లేదు.
ఏమీ లేకపోవడం కూడా ఇంత స్పష్టంగా.
విరిగిన సుద్దముక్కల్లాంటి పగడం,
కుప్పలు కుప్పలుగా, తెల్లగా,
పాఠం అయిపోయిన బడిలాగా.
ఆ కుప్పలో ఒకచోట
ముడతలు ముడతలుగా,
గుండ్రంగా, పిడికెడు.

తల పైకెత్తేసరికి
లుదివీనా మోకాళ్ళ లోతులో నిలబడి ఉంది,
లంగా పైకి పట్టుకుని.
"అంతకన్నా లోతుకి రాదు.
ఈత రాదు" అన్నాడు తెరియో.
"రోజూ ఆయన చూసొచ్చి చెప్పేవాడు,
ఈమె వినేది."

ఆవిడ లంగా వదిలేసి
రెండు చేతులూ చాపి
గాలిలో పెద్ద గుండ్రం గీసింది.
బండి చక్రమంత.
ఉందా?

నోట్లో ఉప్పునీళ్ళు.
ఉందని అనేయొచ్చు.
చూసింది నేనొక్కణ్ణే, అదీ ఒంటి కంటితో.
కానీ ఆ కన్ను నాది కాదు.
పిడికిలి ఎత్తి చూపించాను.

చాలాసేపు నా పిడికిలినే చూసింది.
తన వేళ్ళూ ముడిచి
దాని పక్కన పెట్టి కొలుచుకుంది.
ఏదో అడిగింది.
తెరియో వెంటనే చెప్పలేదు,
తాడు చుట్టడం పూర్తిచేసి చెప్పాడు:
"పిల్లదా, అని అడుగుతోంది."

తల ఊపాను.

"పన్నెండు నిమిషాలే ఉంది,
చేప చల్లారిపోతుంది" అన్నాడు తెరియో
కాగితం చూసుకుని.
ఆవిడ వినిపించుకోలేదు.
మాస్కులో ఉమ్మి, వేలితో రుద్ది,
కడిగి,
నా చేతిలో పెట్టింది.

రంగు చెప్పలేదట నేను.
వెళ్ళి చూసి రమ్మంది.