దుప్పటి మూల

మొదటి ఇంట్లో కాఫీ బాగుంది.
సోఫాలు కొత్తవి, హాల్లో చేపల తొట్టె.
ఎక్కడా ఏ వాసనా లేదు, అదే నాకు భయమేసింది.
అమ్మ చేపల్ని లెక్కపెట్టింది. ఏడు.
మళ్ళీ లెక్కపెట్టింది. ఏడే.
వారానికి పద్నాలుగొందల పౌండ్లన్నారు.
చేపకి రెండొందలు, అనుకున్నాను.

రెండో ఇంట్లో పట్టపగలే కర్టెన్లు మూసున్నాయి.
టీవీలో ఎవరో ఎవరికో ఇల్లు అమ్మి చూపిస్తున్నారు.
పదకొండు కుర్చీలు, పదకొండు మంది,
చూసేవాళ్ళు లేరు.
ఒక పెద్దాయన నా చెయ్యి పట్టుకుని
బస్సొచ్చిందా అన్నాడు.
ఆదివారం కదండీ, లేటవుతుంది అన్నాను.
ఆయన చెయ్యి వదల్లేదు.

తమ్ముడు స్విండన్ నుంచి ఫోను:
"రేటింగెంతక్కా?"
వాడి కోసమే కాగితం మీద గడులు గీశాను.
లిఫ్టు, మెట్లు, రాత్రిపూట ఎంతమంది,
పడిపోతే ఎవరొస్తారు, అన్నం పెడతారా.
ఆఖరి గడి మీద ఏం రాయాలో తోచక
అలాగే వదిలేశాను.

కార్లో అమ్మ ఒళ్ళో హ్యాండ్‌బ్యాగు.
అందులో టిష్యూలు, మా ఇంటి టీవీ రిమోటు,
సిస్టరయిన రోజున తన డబ్బుతో కొనుక్కున్న
వెండి బెల్టు బకిలు.
అది నడుముకి పెట్టుకునే కదా
ముప్ఫై ఏళ్ళు ఈ హడ్డర్స్‌ఫీల్డ్ ముసలివాళ్ళని
ఇటు నుంచి అటు తిప్పి పడుకోబెట్టింది.
సిస్టర్ ఎస్తేరు వస్తోందంటే
వార్డులో చెంచాలు కూడా చప్పుడు చేసేవి కావట.

"జీతం ఎంతంట?" అంది.
నాకర్థం కాలేదు.
"ముందే చెప్పెయ్. నైట్ డ్యూటీ ఇంక నావల్ల కాదు."

పొద్దున్నే ఇస్త్రీ జాకెట్టు ఎందుకడిగిందో,
జుట్టు రెండుసార్లు ఎందుకు దువ్వించుకుందో
అప్పుడు తెలిసింది.
అడుగుతాలేమ్మా అన్నాను.
వైపర్లు వేశాను.
వాన లేదు.

మూడో ఇల్లు కొండ మీద, మసిపట్టిన రాతిది.
కార్పెట్టు అరిగిపోయింది.
ఉడికిన క్యాబేజీ వాసన, దాని కింద ఇంకో వాసన.
నేను కాగితం మీద సున్నా చుట్టేలోపు
అమ్మ ఎవరి గదిలోకో వెళ్ళిపోయింది.
తలుపు మీద డోరతీ అని ఉంది.
మంచం మీంచి దుప్పటి జారి ఉంది.

వంగింది.
చెప్పులేసుకోడానికి కూడా వంగనని మొరాయించే మనిషి,
పొద్దున నా పేరు కోసం తడుముకున్న మనిషి,
పరుపెత్తి, మూల మడిచి,
కవరు అతికించినట్టు అరచేత్తో కిందికి నొక్కింది.

గుమ్మంలో ఒక కుర్రాడు.
జింబాబ్వే అట, బ్యాడ్జీ మీద టెండాయ్.
ఆపుతాడనుకున్నాను.
మంచం అవతలికి వెళ్ళి
దుప్పటి అంచు పట్టుకుని నిలబడ్డాడు.
"లాగు" అంది అమ్మ.
ఇంగ్లీషు ఆవిడ మీద అలిగి వెళ్ళిపోయి ఏడాదయింది.
లాగాడు.
"ఇంకొంచెం."
ఇంకొంచెం లాగాడు.

మంగళవారం సంతకం పెట్టాను.
అమ్మ ఇంటి ముందు అమ్మకం బోర్డు దిగేశారు,
గులాబీ మొక్క పక్కనే.
టెండాయ్‌కి ఇంగ్లీషు అక్షరాల్లో రాసిచ్చాను:
నీళ్ళు. నొప్పి. చలి. చాలు.
చాలుని చారు అన్నాడు.
పర్లేదు, అదీ అడుగుతుంది అన్నాను.

నన్ను గుమ్మం దాకా సాగనంపింది.
"నువ్వెళ్ళు, పిల్లలు ఎదురుచూస్తుంటారు.
డ్యూటీ దిగాక నేనే వచ్చేస్తా."

మూడు వారాలయింది.
రోజూ సాయంత్రం ఏడింటికి
కోటేసుకుని తలుపు దగ్గర నిలబడుతోందట.
రిలీఫు రాలేదు సిస్టర్, ఇంకొక్క షిఫ్టు
అని సైగలతో చెబుతున్నారట.
ఓవర్‌టైమ్ ఇస్తారా అంటోందట అమ్మ.
టెండాయ్ ఆ ముక్కని ఉన్నదున్నట్టు పలికి
అర్థమేంటని ఫోన్ చేశాడు.

ఇస్తామని చెప్పమన్నాను.