మూడడుగులు

పోర్ట్ పిరీ రేవులో ఆదివారం పొద్దున గాలి లేదు.
ఇక్కడ అది చెప్పుకోదగ్గ సంగతే.
వారమంతా సీసం కర్మాగారం ల్యాబులో
మిల్లీగ్రాములు తూచే చేతులతో
రెండు కెమెరాలు మోసుకొచ్చాను.
లెన్సు ఒకటే, యాభై మిల్లీమీటర్లది.
ఎపర్చరు రెంటికీ ఒకటీ పాయింట్ ఎనిమిదే.
తేడా అంతా లోపలి సెన్సర్‌లో:
పాతదానిది బొటనవేలి గోరంత,
కొత్తదానిది తపాలా బిళ్ళంత.
ఆ కాస్తకి నాలుగు నెలల ఓవర్‌టైమ్.

కొరాడినా చేపల పెట్టె బోర్లించి కూర్చుంది,
ఒళ్ళో వల, వేళ్ళ మధ్య చెక్కసూది.
"నవ్వమంటావా?"
మీ ఇష్టం అన్నాను.
"అయితే నవ్వను."

ముందు పాతది.
నడుం నుంచి కొప్పు దాకా ఫ్రేములో పట్టాలంటే
తొమ్మిదడుగుల దూరం కావాలి.
వెనక్కి నడిచి, పలక మీద సుద్దగీత గీసి నిలబడ్డాను.
ఆమె వచ్చింది. ఆమెతోపాటు ఊరూ వచ్చింది:
పొగగొట్టం, ధాన్యపు సైలోలు,
ఎవరిదో ఆరేసిన పసుపు తువ్వాలు,
అలిగి అటు తిరిగిన పెలికాన్,
అన్నిటికీ వెనక ఫ్లిండర్స్ కొండల వరుస.
కాస్త నీళ్ళలో నానినట్టున్నా
దేన్నైనా పేరు పెట్టి పిలవచ్చు.

తర్వాత కొత్తది.
అదే నడుం, అదే కొప్పు, అదే లెన్సు.
ఫ్రేము నిండాలంటే
ఈసారి మూడడుగులు ముందుకి జరగాలి.
ఆరడుగుల దగ్గర ఇంకో సుద్దగీత.

అక్కడ వాసనలు మొదలయ్యాయి.
తారు, సోంపు బిళ్ళ, పెట్టెలోంచి తీసిన ఉన్ని కోటు.
తొమ్మిదడుగుల దగ్గర
రేవంతా వినేట్టు మాట్లాడిన మనిషి
ఆరడుగుల దగ్గర గొంతు దించింది.
"ఈ వల ఎవరికీ అక్కర్లేదు, తెలుసా.
పడవ అమ్మేసి పద్దెనిమిదేళ్ళు.
చేతులు ఊరుకోవు, అంతే."
అప్పుడు నొక్కాను.

తెరమీద చూస్తే
పొగగొట్టం ఒక బూడిదరంగు నిట్టూర్పు,
తువ్వాలు ఒక పసుపు మరక,
పెలికాన్ ఉందో లేదో.
పెద్ద సెన్సరే మసకేస్తుందని నమ్మి డబ్బు పోశాను.
అది ఏదీ మసకెయ్యలేదు.
నన్ను మూడడుగులు ముందుకి లాగింది, అంతే.
దూరపు కొండలు నునుపంటారు.
ఈ కొండలు మాత్రం
నేను మనిషికి దగ్గరైతేనే నునుపయ్యాయి.

వచ్చే ఆదివారం ప్రింట్లు రెండూ ఇచ్చాను.
మొదటిదాన్ని చాలాసేపు చూసింది,
తన ముఖం వదిలేసి, అద్దాలు ఎత్తి పెట్టుకుని, అంచుల వెంట.
"ఇది వంటింట్లోకి.
ఈ గొట్టం మసి నలభయ్యేళ్ళు దుప్పట్ల మీంచి ఉతికాను,
ఫోటోలోంచి కూడా తప్పించుకుపోతుందా?"
రెండోదాన్ని ఒక్కసారే చూసి బోర్లించింది.
"ఇది నేను పోయాక చర్చిలో పంచే కార్డు మీదికి.
అప్పటికి ఊరెందుకు చుట్టూ."

నాకేం అనాలో తోచక లెన్సు తుడిచాను.

"ఇంకా దగ్గరికొస్తే ఏమవుతుంది?"
కళ్ళు నిలుస్తాయి, చెవులు కూడా కరిగిపోతాయి అన్నాను.
"పోనీలే. ఎలాగూ వినబడవు."
మళ్ళీ సూదిలో దారం ఎక్కించుకుంటూ
తలెత్తకుండానే అంది:
"ఆ రెండూ అక్కడ పెట్టెమీద పెట్టు.
ఇటొచ్చి ఈ కొస పట్టుకో.
గట్టిగా. లాగకు."