నూట పదమూడు బెజ్జాలు

టీ కూజా అడుగున
తొకుజిరో గారి ముద్ర ఉండేది.
లోపల, కొమ్ము మొదట్లో,
జల్లెడ బెజ్జాలు మాత్రం ఇతోయె గారివి.

పాత గొడుగు ఊచని అరగదీసి చేసుకున్న సూదితో
మట్టి ఆరీ ఆరకముందే
ఒక్కొక్కటే పొడిచేది.
ఊపిరి బిగబట్టి కాదు,
రేడియోలో బేస్‌బాల్ వింటూ.
హిరోషిమా ఓడిన రోజు
బెజ్జాలు పెద్దవైపోతున్నాయని
ఆయన విసుక్కునేవారు.

ఆ మే నెలలో ఆవం వెలిగించి
పదకొండు రాత్రులు.
నేను కట్టెలు చీల్చేవాణ్ణి, కొత్తగా చేరాను,
వేళ్ళ సందుల్లో ఎర్ర పైన్ జిగురు
సబ్బుకి వదిలేది కాదు.
నడిరేయి నుంచి తెల్లారేదాకా ఆమె వంతు.
అందరూ మంట రంగు చూస్తారు,
ఆమె చెవి పెట్టి వినేది.
"ఆకలేస్తోంది దానికి, రెండు వెయ్యి."
"ఆగు. ఇంకా నములుతోంది."

చల్లారడానికి ఇంకో వారం.
ఇటుకలు తీసి లోపలికి పాకాను.
నివురు కప్పిన వరసల్లోంచి
ఒక్కొక్కటే బయటికి అందించాను.
ఒకదాని భుజాల మీద నువ్వులు చల్లినట్టు బూడిద.
ఒకదానికి గడ్డి చుట్టిన చోటల్లా
వాతలు తేలి ఎర్రగా.
ఒకటి, నిప్పుల ఒళ్ళో కూచున్నది,
మూత రాలేదు.

బూడిద కరిగి గాజై
మూతనీ కూజానీ ఒకటి చేసేసింది.
ఆయన చెక్క సుత్తితో చుట్టూ తట్టారు,
పసివాణ్ణి నిద్రలేపుతున్నట్టు.
వేణ్ణీళ్ళు పోశారు. మళ్ళీ తట్టారు.
ఇనప సుత్తి తెమ్మన్నారు నన్ను.

తెచ్చేసరికి
కూజా ఆయన చేతుల్లో లేదు.
ఆమె చెవి దగ్గర పెట్టుకుని ఊపుతోంది.
లోపల ఏదో గలగలమంది,
ఏ బెజ్జం అంచునో రాలిన మట్టి పలుకు.

"నూట పదమూడు. దీనికి లెక్కపెట్టాను.
ఆ రోజు మనవాళ్ళు గెలిచారు."

"నీళ్ళు పొయ్యడానికి లేదు, అమ్మడానికి లేదు."

"అమ్ముతానని ఎవరన్నారు?"

మూతపడ్డ కూజా రేడియో పక్కకి చేరింది.
ఆ సాయంత్రం వేరేదాంట్లో టీ పెట్టి
మూడు గిన్నెల్లోకి కొంచెం కొంచెంగా వంచి
ఆఖరి చుక్క రాలేదాకా
కొమ్ము అలాగే పట్టుకుంది.

మర్నాడు ఆమె సూది పట్టుకుని కూచుంటే
తొకుజిరో గారు వచ్చి
జేబులోంచి తన ముద్ర తీసి
బల్ల మీద, ఆమె ముందు పెట్టారు.
ఏమీ అనలేదు.

ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది,
పచ్చిమట్టి తగలకుండా పక్కకి జరిపింది,
రేడియో శబ్దం పెంచింది.

ఏడో ఇన్నింగ్స్ నడుస్తోంది.