ఖాళీ ఐస్ పెట్టె

పద్నాలుగేళ్లుగా నా పని ఒకటే.
పర్లాకిమిడిలో చీటీ పట్టుకుని బస్సెక్కడం,
బరంపురంలో రక్తం సంచీ తీసుకుని తిరుగు బస్సెక్కడం.
ఒళ్లో ఐస్ పెట్టె, కళ్లల్లో గడియారం.
ఘాటీ మలుపుల్లో దాన్ని
పాలు తాగే గుంటలా పొదువుకుంటాను.

ఇవాళ పెట్టె బల్ల కింద బోర్లా పడుంది.

తబితమ్మ వద్దంది.
కొమ్ము బొమ్మల వీధిలో కొంగలకు మెరుగు పెట్టే మనిషి.
కడుపులో గడ్డ ఆరు నెలలుగా
ఆమెను లోపల్నుంచి తోడేస్తోంది.
"ఒకరి ప్రాణం నాలో పొయ్యొద్దు బాబూ,
మా పుస్తకంలో అలాగ రాసుంది" అని
కాగితం మీద సంతకం పెట్టింది,
తెలుగులో, గుండ్రంగా, తొందరపడకుండా.

నాకు కోపమొచ్చింది. దాచను.
ఆ ఏడు వానల్లో రోడ్డుకడ్డంగా చెట్టు పడి
నేను నాలుగు గంటలు ఆలస్యమయ్యాను.
పెట్టె చల్లగానే ఉంది.
కాశీనగర్ కుర్రాడూ చల్లబడ్డాడు.
దొరక్క పోయినవాణ్ణి మోశాను గానీ
దొరుకుతుంటే వద్దనే మనిషిని
అప్పుడే చూడడం.

డాక్టర్ సత్పతి కేకలెయ్యలేదు.
"ఇప్పుడు ఏడుంది. పదకొండు కానీ, అప్పుడు కోస్తాను."
ఏడు వారాలు.
నెత్తురాపే మాత్రలు,
నరంలోకి నల్లటి ఇనుము చుక్క చుక్కగా,
ఇంటికాడ చోడి అంబలి, మునగాకు.
పరీక్షకి తీసేది కూడా
పసిపిల్లల గొట్టాల్లోనే తీసేది సులోచన దిది,
"ఆమెది ఆమెకే ఉండనీ" అంటూ.

ఇవాళ తలుపు సందులోంచి విన్నాను
సన్నగా కూసే కరెంటు సూదిని,
దాని వెనకే కమురు వాసన.
కోయకముందే కట్టడం, కట్టాకే కోయడం,
కొమ్ము చెక్కేవాడు రెక్క దగ్గర ఆగినట్టు
ప్రతి నరం దగ్గరా ఆగడం.
తొందర లేదు.
తొందరకి ఇన్నాళ్లూ నేనుండేవాణ్ణి.

దిది తడిసిన గుడ్డల్ని ఒక్కొక్కటే
కంసాలి కాటాలాంటి దాని మీద పెట్టి
పొడిగుడ్డ బరువు తీసేసి
పలక మీద అంకె వేస్తోంది.
పన్నెండు. ముప్ఫై. తొమ్మిది.
తెచ్చిన నెత్తురు లెక్కే నాకు తెలుసు.
పోయిన దానికి లెక్కుంటుందని
ఇన్నేళ్లకి చూశాను.

మొత్తం నూట నలభై.
బస్టాండు టీ గ్లాసు కంటే కాస్త ఎక్కువ.

నేనేం మారిపోలేదు.
రేపు ఘాటీలో ఎవడో లారీ కింద పడితే
వాడికి ఏడు వారాలుండవు,
నేనే బేగి పరుగెత్తాలి.

సాయంత్రం తబితమ్మ కళ్లు తెరిచింది.
పెదాలు ఎండిపోయున్నాయి.
నన్నూ పెట్టెనూ చూసి
"నీకివాళ బస్సు తప్పిపోనాదా బాబూ?" అంది.

తప్పిపోయిందన్నాను.
పెట్టె తీసుకెళ్లి
వరండాలో మిగిలిన ఎండ ముక్కలో
ఆరబెట్టాను.