వల ముందు మనిషి

రోలండ్ టాటర్సల్ ముఖం స్కెల్‌బీ రేవులో అందరికీ తెలుసు.
నాకు తెలిసింది వీపు.
గోలు వెనక తడిచెక్క మీద కూర్చుని
బయటికెళ్ళిన బంతులు తెచ్చిచ్చే పిల్లాణ్ణి నేను.
ఆటకి ఒక షిల్లింగు, విరామంలో ఒక కప్పు వేడి చారు.

పచ్చ స్వెటరు. భుజం దగ్గర పిగిలితే
వాళ్ళమ్మ ట్రాలర్ల వలలల్లే దారంతోనే కుట్టింది.
నాన్న ఐస్‌లాండు దాకా వేటకి పోయేవాడు.
ఒకే మాట, ఆ ఇంట్లో రెండు లెక్కలు:
వల నిండితే తండ్రికి పండగ,
ఖాళీగా ఉంటే కొడుక్కి.
శనివారం రాత్రి కంచాల ముందు
"నిండిందా?" అని ఒకరు,
"నిండలేదు కదా?" అని ఇంకొకరు.

పదిహేడేళ్ళకి మొదటి ఆటలో ఏడు గోల్స్ తిన్నాడట.
ఎనిమిదోది ఆపినప్పుడు
మా తాతయ్య టోపీ తీసి గాల్లో ఊపాడు.
ఎగతాళికో మెప్పుకో
చెప్పకుండానే పోయాడు.

తొంభై నిమిషాల్లో అతని పని మూడు నిమిషాలు.
మిగతాదంతా కాపలా.
బూటుకంటిన బురద స్తంభానికేసి తట్టుకుంటూ
ఏదో గొణిగేవాడు. ప్రార్థన అనుకునేవాణ్ణి.
ఒకరోజు చెవొగ్గి విన్నాను:
బంగాళాదుంపలు, అగ్గిపెట్టె, బెరిల్‌కి నీలం ఉన్ని.

చిటికెనవేలు మూడుసార్లు విరిగింది.
పెళ్ళినాడు పక్కవేలి కణుపు దగ్గర ఉంగరం మొరాయిస్తే
చర్చి వెనక కుళాయి దగ్గరికెళ్ళి
సబ్బు రాసుకొచ్చారు.

ఒకసారి లండన్ నుంచి పెద్ద క్లబ్బు మనిషొచ్చాడు,
బూడిదరంగు కోటు, చేతిలో నోటుబుక్కు.
ఆ రోజు మావాళ్ళు ఎంత బాగా ఆడారంటే
రోలండ్ దగ్గరికి బంతే రాలేదు.
కోటాయన విరామానికే రైలెక్కాడు.

అరవై తొమ్మిది జనవరి. కప్పు ఆట.
మొదటి డివిజన్ దొరలు మా బురదలో దిగబడ్డారు.
ఎనభై ఎనిమిదో నిమిషం దాకా వల ఖాళీ.
ఒక పెనాల్టీ కూడా ఆపాడు,
కుడికి దూకి, ఆ వంకరవేళ్ళతోనే.
వాన.
స్తంభం పక్కన పొడి టవల్ అందించడం నా పని.
చెయ్యి వెనక్కి చాచాడు,
రెండుసార్లు.
టవల్ నా నెత్తి మీదుంది.
నేను మిఠాయి నములుతూ
మూడో వరసలో డోరీన్ ఎర్ర టోపీ కేసి చూస్తున్నాను.

కార్నరు. బంతి చేతుల్లోకే వచ్చింది.
సబ్బులా జారింది.
గీత దాటి, వల్లోకి,
నా మోకాలికి అడుగు దూరంలోకి.

అది తీసుకోడానికి వెనక్కి తిరిగాడు.
ముఖం అంత దగ్గర్నుంచి చూడ్డం అదొక్కసారే.
కోపం లేదు.
పొయ్యి ఆర్పానా లేదా అని
దారిలో ఆగిపోయిన మనిషిలా ఉన్నాడు.

ఆపిన బంతికి స్కోరుబోర్డు మీద చోటుండదు.
పబ్బుల్లో, మంగలి కుర్చీల్లో
ఊరు ఆ ఒక్క బంతినే దాచుకుంది.
ఇంకో ఆరేళ్ళు ఆడాడు, మోకాలు వద్దనేదాకా.
ఆ తర్వాత రేవులో చేపలపెట్టెలు తూచాడు.

ఇరవయ్యారేళ్ళకి నా లారీ ఆ త్రాసు ముందే ఆగింది.
తెల్లారి నాలుగు. కాళ్ళ కింద మంచుముక్కలు.
బిల్లు మీద సంతకం పెడుతుంటే
వద్దనుకున్నదే నోట్లోంచి ఊడిపడింది:
"ఆ రోజు టవల్... నా దగ్గరే ఉంది."

అతను తిరగలేదు.
త్రాసు ముల్లు నిలిచేదాకా చూసి
చెయ్యి వెనక్కి చాచాడు.
"ఇవ్వు మరి."

ఉన్నది ఇంజను తుడిచే గుడ్డ. అదే ఇచ్చాను.
ఒక్కో వేలూ తుడుచుకున్నాడు, తొందరలేకుండా,
వంకరపోయిన చోట కాస్త ఆగి.
గుడ్డ భుజాన వేసుకుని
తర్వాతి పెట్టె లాక్కున్నాడు.
మళ్ళీ నాకు వీపే.