ఫ్రీజ్ చెయ్యమంటావా

రాత్రి పన్నెండుకి గడువు.
కాశీబుగ్గ బస్టాండు ఎదర నా నెట్ సెంటర్లో
కరెంటు మూడోసారి పోయి వచ్చింది.
మూల ఇన్వర్టరు
తల్లి కనబడని పిల్లికూనలా కూస్తోంది.

పొద్దుట్నుంచి నలభై రెండు మందికి ఆప్షన్లు కొట్టాను.
సీఎస్ఈ, దాని కింద సీఎస్ఈ,
దాని కింద తోక మార్చుకున్న సీఎస్ఈ.
"అదే పెట్టీ బావా, అందరూ అదే పెడతన్నారు."
పెట్టేశాను. మనిషికి నూట యాభై.
ప్రింటవుటు వేరు.

నాది మెకానికల్, టెక్కలిలో.
మెకానికల్‌కి చావు లేదని
ఆ ఏడు ఎవరో అన్నారు, అందుకు.
పట్టా చేతికొచ్చాక ఈ లామినేషన్ మిషన్లోనే
నా చేత్తో నేనే పెట్టుకున్నాను.
ఒక మూల బుడగ లేచింది.
ఇప్పటికీ ఉంది.

తొమ్మిదిన్నరకి వచ్చారు
తవిటమ్మా, కూతురు నీరజా.
జీడిపిక్కల బట్టీ నుంచి తిన్నగా వచ్చినట్టుంది,
కుర్చీ లాగితే తవిటమ్మ కూర్చోలేదు.
చీర మీది జీడినూనె
కుర్చీకి అంటుతుందట.

రాంకు మంచిదే.
"సీఎస్ఈయే కదా?" అన్నాను,
మౌసు అప్పటికే అక్కడికి చేరింది.
"కాదన్నా. ముందు ఈసీఈ."
"మీ మేష్టార్ని అడిగేవా?"
"అడిగేను. సీఎస్ఈ అన్నారు.
మావయ్య కూడా అదే అన్నాడు."
"మరేటి?"

కాసేపు కీబోర్డు వంకే చూసింది.
"నెల నెలా డిపోకాడ అమ్మ ఏలు పడదన్నా.
పది ఏళ్ళూ మార్సి మార్సి పెడతాది.
సీరకి తుడుసుకుని మళ్ళీ పెడతాది.
పిక్కలు కొట్టి కొట్టి గీతలు అరిగిపోనాయి కదా.
ఎవులో తెలీదంటాది మిషను.
పేరెట్టి పిలిసే డీలరే
తెలీదని రాసుకుంటాడు.
ఆ గాజుముక్క కింద ఏటుందో
నాను సూడాలి."

"అది కూడా సీఎస్ఈలోనే ఉంటాదేమో"
అన్నాను. నిజానికి నాకూ తెలీదు.
"ఏమో. ఉండొచ్చు.
రెండోది అదే పెట్టండి."

నలభై రెండు మందిలో ఒక్కడూ
'సూడాలి' అన్న మాట అనలేదు.
నేనూ అనలేదు, ఆ ఏడు.

"నువ్వేటంటావు అప్పా?"
గుమ్మానికి ఆనుకునే చెప్పింది తవిటమ్మ:
"నాకేటి తెలుసు బాబూ.
కోత మిషనొచ్చినప్పుడు
నలభై మందిమి పదకొండుగురం మిగిలాం.
దాన్ని బాగుసెయ్యడానికి ఒకడొస్తాడు,
వాడికి టీ ఇస్తారు, కుర్సీ ఏస్తారు.
మిషనుకి ఏ పక్క కూకుంటే
కుర్సీ ఏస్తారో, అది రాయి."

ఓటీపీ తవిటమ్మ ఫోనుకొచ్చింది.
తెర మీద వేలు రాసింది, కదల్లేదు.
మళ్ళీ రాసింది.
ఆనక వేలు మడిచి
కణుపుతో తలుపు కొట్టినట్టు కొట్టింది.
తెరుచుకుంది.
అలవాటే కాబోలు,
నీరజ తలెత్తి కూడా చూడలేదు.

నాలుగోదాన్ని ఆరుకి దింపింది,
ఎనిమిదోది తీసేసింది.
బస్సు ఛార్జీలు వేళ్ళ మీద లెక్కేసుకుని
తీసేసినదాన్నే మళ్ళీ పెట్టించింది.
పదకొండు నలభై.
"ఫ్రీజ్ చెయ్యమంటావా?"
"ఒక్క నిమిషం."
నిమిషం ఆగాను.
"ఊఁ."

నూరు చాలు అన్నాను.
తవిటమ్మ లెక్కపెట్టి నూట యాభై
బల్ల మీద పెట్టి, అరచేత్తో అదిమి వెళ్ళింది.

అద్దం మీద మచ్చ పడింది.
స్పిరిటుతో తుడిచాను, పోలేదు.
వేలి ఆకారం తెలుస్తోంది,
లోపల ఒక్క గీతా లేదు.

ఇంకో కుర్రాడు తోసుకుంటూ వచ్చాడు.
"అదే పెట్టీ బావా, టైం లేదు."
"అదంటే?" అన్నాను.
తెల్లబోయి నా వంక చూశాడు.
గడియారం చూసుకున్నాను.
"సెప్పు. అదంటే ఏది?"