రెండు సీట్లు

మూడు వారాలు వరసగా వచ్చాడు.
ముఖం కనపడదు, వీపే.
ఇనపటోపీ అంచు నుంచి నీళ్ళు కారుతుంటాయి,
నా దుప్పటి తడవదు.
"గుమ్మం ఎటు?" అంటాడు,
గుమ్మంలోనే నిలబడి.

నేను డర్బన్‌లో బ్యాంకు గుమాస్తాని.
కల వచ్చిందంటే మా మేనేజరు సెలవివ్వడు.
న్‌కూతు నుంచి గోగో ఫోన్లో ఒక్కటే మాటంది:
"మీ తాతకి ఆకలి కాదే. దారి తెలియడం లేదు."

డెబ్భై నాలుగులో, కార్ల్‌టన్‌విల్ బంగారు గనిలో
కప్పు కూలింది.
కంపెనీ ఒక రేకుపెట్టె పంపింది,
పేరుండాల్సిన చోట అంకె ఉన్న కాగితం పంపింది.
మనిషిని పంపలేదు.
ఎలాగూ మట్టి కిందే ఉన్నాడుగా, అనుకున్నారేమో.

మా ఇంట్లో మగదిక్కు లేదు,
కొమ్మ నా చేతికే ఇచ్చారు.
రేగు జాతి కొమ్మ. జంట ముళ్ళు:
ఒకటి తిన్నగా ముందుకి,
ఒకటి వెనక్కి వంగి, వచ్చిన చోటుని పట్టుకుని.
దానితో వెళ్ళి, పిలిచి, తీసుకురావాలి.
ఇల్లు చేరేదాకా ఆయనతో తప్ప
బతికున్న వాళ్ళెవరితోనూ మాట్లాడకూడదు.

గని మూసేసి పదేళ్ళు.
కంచె సందులోంచే కొమ్మని నేలకి ఆనించాను.
"మాండ్లకయిసే తాతా, ఖన్యిలే వంశం వాడా, లే.
నేను బెకిజిత కూతుర్ని.
నువ్వు నన్ను చూడలేదు."
ఏమీ కదల్లేదు. ముల్లు మాత్రం నా వేలిని పట్టుకుంది.

టాక్సీలో రెండు వేళ్ళు చూపించాను.
డ్రైవరు కొమ్మని చూసి రేడియో కట్టేశాడు.
రెండు సీట్ల డబ్బూ లెక్కగా తీసుకున్నాడు.
"పెద్దాయనకి కిటికీ పక్కన," అన్నాడు.

తాతా, ఇది వాల్ నది, దాటుతున్నాం.
తాతా, అది పెట్రోలు బంకు.
అవును, రాత్రంతా వెలుగే.
పైన ఇప్పుడు ఇలాగే ఉంది.

హారిస్మిత్‌లో ఒకావిడ ఎక్కింది,
ఆకుపచ్చ కోటు, గుండెల మీద జియోను సంఘం నక్షత్రం.
"సీటు ఖాళీయేగా?"
కొమ్మని కాస్త పైకెత్తి చూపాను.
మూతి ముడిచి మడతసీటులో సర్దుకుంది,
ఏదో కీర్తన గొణుక్కుంది.

వాన్ రీనెన్ కనుమలో, పొగమంచులో,
ఆమె నా వైపు కాదు, ఆకుల వైపు వంగింది:
"అయ్యా, ఆ కిందే మా అన్న జ్వెలిబాంజి.
ఎడమకాలు ఈడుస్తాడు.
కనపడితే, చెల్లెలు అడిగిందని చెప్పు."
లేడీస్మిత్‌లో దిగిపోయింది.
పేరు అడగడానికి నాకు నోరు లేదు.

మ్జిన్యాతి వంతెన కూడా దాటాం.
గోగో కొత్త దుప్పటి కప్పుకుని గుమ్మంలో ఉంది.
"ఆలస్యం చేశావు," అంది.
నన్నో, ఆయన్నో.
లోపలి గోడ దగ్గర, బీరుకుండ పక్కన,
ఇంపెఫో పొగలో కొమ్మని పడుకోబెట్టాం.

ఆ రాత్రి ఆయన ఇటు తిరిగాడు.
మా నాన్న ముక్కే.
కుండ ఎత్తి తాగి, మూతి తుడుచుకుని,
గుమ్మం వైపు తలూపాడు.
అక్కడ ఇంకొకడు, తడిసి,
ఎడమకాలు ఈడుస్తూ:
"చెల్లెలు ఏ ఊళ్ళో ఉంటుందమ్మా?"

లేచి దీపం వెలిగించాను.
టాక్సీ చీటీ వెనక రాసుకున్నాను:
లేడీస్మిత్. ఆకుపచ్చ కోటు. నక్షత్రం.